చింతపండు పడని సగం

నాగావళి ఒడ్డున అరటితోటకి కాలవ తీస్తుంటే
అసిరినాయుడి గునపం ఖంగుమంది.
అరచేతంత బిళ్ళ, పచ్చగా చిలుమెక్కి.
బంగారమేమోనని
గట్టుమీదే కూచుని చింతపండేసి తోమేడు.
సగం తోమేసరికి
"అయ్యా, బువ్వ సల్లారిపోతంది!" కూతురు కేకేసింది.

ఆ పిల్ల ఇంకాసేపు ఆగి పిలిచుంటే
నాకు చూడ్డానికేమీ మిగిలేది కాదు.

శ్రీకాకుళంలో మా ఆఫీసు వెనకగది.
ఒక బల్ల, ఒక మైక్రోస్కోపు,
వానలకి ఉబ్బిపోయి మూసుకోని తలుపు.
ఫ్యాను వెయ్యకూడదు, పొడి ఎగిరిపోతుంది.
ఆ పొడే నా పని.
చెమటబొట్టు ముక్కుచివరికి రాగానే
తల పక్కకి తిప్పడం
నాకిప్పుడు ఊపిరంత అలవాటు.

తోమిన సగంలో నా మొహం కనిపిస్తుంది.
అద్దమే అది. కంచు అద్దం.
ఎవరో బొట్టు దిద్దుకున్న అద్దం
అని రాయబోయి ఆగేను.
బొట్టు సంగతి నాకేం తెలుసు?

తోమని సగంలో బట్ట ఉంది.
ఉంది అనకూడదు.
రాగి విషానికి జడిసి పురుగు దగ్గరికి రాక
నూలు నిదానంగా పోయింది. పోతూ పోతూ
తన వంపుల్ని చిలుముకి అప్పజెప్పింది.
పోగు పోయిన చోట పోగులాగే చిలుము నిలబడింది,
తండ్రి పోయిన ఇంట్లో
అచ్చం ఆయనలాగే దగ్గే కొడుకులా.

గాజుపెట్టెల్లో మిగతా కంచు చూడండి,
పెళ్ళివారి సామానులా మెరుస్తూంటుంది.
నాకంటే ముందు చేసినవాళ్ళు కష్టజీవులు.
ముగ్గుపొడి, నిమ్మకాయ, చివరికి యాసిడ్.
ఎన్ని కొంగులు, ఎన్ని మూటలు,
ఏ చేతులు వేసిన ముడులు
తూములోంచి ఏటికి పోయాయో
ఆ మెరుపుని అడగాలి.
వాళ్ళనేమీ అనను.
ఇంటికెళ్ళి నేనూ రాగిచెంబు తోముకుంటాను,
చింతపండుతోనే.

సూదిమొన ఆనించి లెక్కపెట్టేను:
సెంటీమీటరుకి పడుగు పద్దెనిమిది, పేక పదిహేను.
ఒకచోట పేక రెండు పడుగుల్ని దాటేసి పోయింది.
తప్పు.
ఎన్ని వందల ఏళ్ళదో తెలీని తప్పు,
నిన్న జరిగినంత పచ్చగా.

పురి అంతుపట్టక
పొందూరు నుంచి గవరమ్మని పిలిపించేను.
డెబ్బై దాటిన మనిషి.
వాలుగచేప దవడతో పత్తి దువ్వి దువ్వి
బొటనవేలు ఆ దవడలాగే గరుకెక్కింది.
మైక్రోస్కోపులో కన్ను పెట్టి
చాలాసేపు పలకలేదు.
తర్వాత, చేతిలో లేని కదురుని తిప్పింది,
ఒకసారి ఇటు, ఒకసారి అటు.

"ఒలమ్మ! ఇది ఎడంసేతి మడిసి వడికిన నూలే, గుంటా.
పురి సూడు, మనకి తిరగబడింది.
నాకూ సిన్నపుడు ఎడంసెయ్యే వొచ్చీది.
మాయమ్మ కొట్టి కొట్టి మానిపించింది.
దీన్నెవులూ కొట్టనేదు."

"ఆడమనిషేనా?" అన్నాను.
"అది పోగు సెప్తాదేటి?" నవ్వింది.
"ఆ దాటేసిన కాడ మాత్రం
నేసినోడికి దీపం కొండెక్కుంటాది."

రిజిస్టరు తీసేను.
వస్తువు: అద్దం.
నూలు: లేదు.
నేత: ఉంది.
పురి: ఎడమ.
ఎడమచెయ్యి అన్న మాట పెన్సిల్‌తో రాసేను,
రేపు చెరపాల్సొస్తే చెరపడానికి.
దీపం మాట ఎక్కడా రాయలేదు.
దానికి గడి లేదు.

పొద్దు వాలేక గవరమ్మ బస్సు చార్జీ అడిగింది, రానూపోనూ.
నిపుణుల పద్దులో ఆమెకి చోటు లేదన్నాడు గుమాస్తా.
చిల్లర ఖర్చుల కింద
సంతకం పెట్టమన్నాడు.
ఆమె పెన్ను కుడిచేత్తో అందుకుంది.
కాగితంకేసి కాస్సేపు చూసి
ఎడంచేతిలోకి మార్చింది.